పొదుపున్నా ఇల్లు దొరకదా?

హనుమకొండలో అద్దె ఇంటి కోసం వెళ్ళినవారికి ఎదురయ్యే తొలి ప్రశ్న "ఉద్యోగం ఎక్కడ?" అని. కుట్టు దుకాణమో, ఫ్రిజ్ మరమ్మతుల షాపో ఇటీవలే సొంతంగా పెట్టుకున్నామంటే ఇంటి యజమాని ముఖం మారిపోతుంది. బ్యాంకులో ఏడాది అద్దెకు సరిపడా సొమ్మున్నా జీతం స్లిప్పు లేదు గనుక నమ్మకం లేదట! జీతగాడి ఉద్యోగం రేపు ఊడదని ఎవరు హామీ ఇచ్చారు?

ఆదాయపు పన్ను రిటర్ను చూపమనేవారూ ఉన్నారు. ఏప్రిల్‌లో వ్యాపారం ఆరంభించినవారు మరుసటి మార్చి 31 దాటనిదే ఆ ఆదాయానికి రిటర్ను దాఖలు చేయలేరన్న సంగతి వారికి తట్టదు. కొందరైతే ఆరు నెలలు, పది నెలల అద్దె అడ్వాన్సుగా కోరుతున్నారు. దుకాణంలో పెట్టుబడి కావలసిన సొమ్ము అలా ఇరుక్కుపోతే వ్యాపారం నడిచేదెలా? అప్పుడు అద్దె నిజంగానే ఆగిపోతుంది.

నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతున్నది. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది అమలుకు రాదు.

యజమానుల భయాన్ని కొట్టిపారేయలేము. అద్దె మీదే బతుకు వెళ్ళదీస్తున్న వృద్ధులు ఎందరో ఉన్నారు. ఖాళీ చేయించడానికి కోర్టు చుట్టూ తిరగడమంటే వారికి తలకు మించిన పని. అయితే ఆర్నెల్ల బ్యాంకు ఖాతా వివరాలు, ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు చూడవచ్చు. పాత ఇంటివారిని విచారించవచ్చు. 11 నెలల ఒప్పందం ఎలాగూ ఉంది. అద్దెకు దిగేవారు సైతం నోటిమాటతో సరిపెట్టుకోరాదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. అడ్వాన్సు తిరిగి ఇచ్చే గడువును ఒప్పందంలోనే రాయించుకోవాలి.