ఏనుగుల సేనాని అడుగులు

ఘనపూర్ కోటగుళ్లకు వెళ్తే ముందు గజకేసరిని చూడండి. ఏనుగు మీదికెక్కిన సింహం. ఎంత దూకుడున్నా తూలడం లేదు. ఇవి కాకతీయ గణపతిదేవుడి కాలపు గుళ్లు. ఆయన గజసైన్యానికి అధిపతి జాయప సేనాని. 1254 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాసిందీ ఆయనే. ఏనుగుల్ని నడిపేవాడికి నాట్యంతో ఏం పనంటారా? బరువు ఎటు మొగ్గుతోందో కనిపెట్టడం ఇద్దరికీ తప్పదు కదా!

దగ్గర్లోనే పాలంపేట రామప్ప గుడి. అక్కడి శిల్పాల భంగిమలు చూసే నటరాజ రామకృష్ణ వీరనాట్యం పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ గుడి పునాదిలో ఇసుక పోశారు, నేల కదిలితే సర్దుకోవడానికి. 2021లో యునెస్కో గుర్తించాక జనమంతా అక్కడికే. కోటగుళ్లకు వచ్చేవాళ్లు తక్కువ. రామప్ప చూసి అటే వెళ్లిపోకుండా ఓ గంట ఇటూ రండి. ఇక్కడ ఇరవై రెండు గుళ్లున్నాయి, చాలామటుకు శిథిలాలే.