తప్పిన కుమారుడు దేవునికి, గెలిచిన కుమారుడు కంపెనీకి



మన పల్లె సంఘములలో నేను మాటిమాటికి చూచుచున్న సంగతి ఒకటి కలదు. ఒక యింట ఇద్దరు కుమారులుందురు. పెద్దవాడు ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు తెచ్చుకొనును. అరయెకరము తాకట్టు పెట్టియైనను వానిని ఇంజనీరింగు కాలేజీకి పంపుదురు. చిన్నవాడు రెండు మారులు తప్పును. అప్పుడు తల్లి వానిని చేయిపట్టుకొని నా యింటికి తెచ్చి, "అయ్యగారూ, వీనిని దేవుని సేవకు ఇచ్చివేసినాము. ఏదైన బైబిలు పాఠశాలలో చేర్పించండి" అని కన్నీరు పెట్టుకొనును.

అమ్మా, నీ కన్నీటిని నేను ఎగతాళి చేయుట లేదు. కాని ఒక్క మాట అడుగుదును. పెద్దవాడు ఫస్టు క్లాసులో గెలిచిననాడు వానిని దేవునికి ఇచ్చుట నీకెందుకు తోచలేదు? మలాకీ ప్రవక్త తన కాలపు యాజకులను దేనికి గద్దించెనో మీరెరుగుదురు. మందలో కుంటిదానిని, గ్రుడ్డిదానిని ఏరి బలిపీఠమునకు తెచ్చుచుండిరి. అటువంటి కానుక మీ అధికారి చేతికిచ్చిన పుచ్చుకొనునా అని ఆయన వారినడిగెను. కోతకాలపు పండుగకు మంచి గుమ్మడికాయను ఏరి తెచ్చెడి మనము, బిడ్డల విషయములో పుచ్చు కాయను తెచ్చుచున్నామా?

తప్పినవానిని దేవుడు పిలువడని నేననుట లేదు. పదవ తరగతి లెక్కలలో రెండవ మారు గట్టెక్కినవాడనే నేను! నేననునది మీరు ఇచ్చెడి విధమును గూర్చి. మరియు దీనికంటె పెద్ద కీడు ఇంకొకటి దీని వెనుక దాగియున్నది. చిన్నవానిని సేవకు ఇచ్చితిమని చెప్పునప్పుడు, పెద్దవానికి పిలుపు లేదని మనము నోటితో అనకయే వానికి నేర్పుచున్నాము. వాడు హాస్టలుకు పోవును, నాలుగేండ్లు చదువును. ఆదివారమున పాటలు పాడును. దేవునికి తనతో పనియేమియు లేదని మాత్రము మనసులో నమ్మియుండును.

ఇందులో నా తప్పును గూడ చెప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట డిగ్రీ చదువుచున్న యువకుడొకడు వచ్చి, "అయ్యగారూ, నాకు పిలుపున్నదో లేదో ఎట్లు తెలియును?" అని అడిగెను. నేను సమూయేలు కథ చెప్పి, ప్రార్థనచేయుము, స్వరము వినబడును అంటిని. వాడు రెండేండ్లు కనిపెట్టెను. ఏ స్వరమును రాలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. కోతకాలపు పండుగకు తప్పక సొమ్ము పంపును. గుడిలోనికి మాత్రము రాడు.

ఆ కథలో సగమే నేను చెప్పితిని. సమూయేలు ఆ రాత్రి పిలుపు కొరకు కూర్చుండి యుండలేదు. గుడిలో చిన్న చిన్న పనులు చేసి అలసి నిద్రించుచుండెను. స్వరము విన్న తరువాత ఏమి చేసెను? తెల్లవారినప్పుడు లేచి, ఎప్పటివలెనే మందిరపు తలుపులు తీసెను. ఈ సంగతి నేను ఆ యువకునికి చెప్పియుంటినేని!

మరికొందరు బోధకులున్నారు. ఉజ్జీవ కూటములలో రాత్రి పది దాటిన తరువాత, ఆకలితోను నిద్రతోను తూగుచున్న కాలేజీ పిల్లలను నిలువబెట్టి, ఈ రాత్రియే నీవు చనిపోయిన ఏమగుదువని భయపెట్టి, పూర్తికాల సేవకు చేతులెత్తుమందురు. ఎత్తిన చేతులను లెక్కపెట్టి పత్రికలకు పంపుదురు. వారికి ఒక విద్యార్థి చరిత్ర జ్ఞాపకము చేయవలెను.

1505వ సంవత్సరము జూలై 2వ తేదీన, జర్మనీలో ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువుచున్న 21 ఏండ్ల మార్టిన్ లూథరు ఊరినుండి తిరిగి వచ్చుచుండగా దారిలో పిడుగు పడెను. చావు భయముతో, బ్రదికిన సన్యాసి నగుదునని పరిశుద్ధురాలైన అన్నకు మ్రొక్కుకొనెను. పదునైదు దినములలో మఠములో చేరెను. తండ్రి హాన్సు రాగి గనుల పనిలో కష్టించి పైకి వచ్చినవాడు. కొడుకు వకీలు కావలెనని ఆశించి చదివించినవాడు. ఆయన కోపము చాల కాలము చల్లారలేదు. (మన పల్లెలలో ఫీజులకు అప్పుచేసిన తండ్రులు ఆయనను ఇట్టే గ్రహింతురు.) 1521లో లూథరు సన్యాసుల మ్రొక్కులను గూర్చి ఒక గ్రంథము వ్రాసి దానిని ఆ తండ్రికే అంకితమిచ్చెను. తన మ్రొక్కు హఠాత్తు మరణ భయము పిండి తీసినదని అందులో ఒప్పుకొనెను. పొలము దున్నువాడును, ఇల్లూడ్చు పనికత్తెయు, బిడ్డ గుడ్డలుతుకు తల్లిదండ్రులును చేయు పని సన్యాసి పనికంటె దేవుని యెదుట తక్కువది కాదనియు, అదియు పిలుపేననియు ఆయన జీవితకాలమంతయు బోధించెను. ఈ బోధను పుచ్చుకొన్న సంఘముల వారమని చెప్పుకొనుచు, ప్రసంగపీఠము ఎక్కినవానికే పిలుపున్నదని మనమెట్లు చెప్పగలము?

"అట్లయిన అందరును కంపెనీలకే పోదురు, రేపు గుడిలో వాక్యము చెప్పువారెవరు?" అని పెద్దలు అడుగుదురు. మంచి ప్రశ్న. దీనికి దోర్నకల్లు జవాబిచ్చుచున్నది. వి.ఎస్. అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో ఒక సంఘకాపరికి జన్మించిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిరి గాని పట్టము పుచ్చుకొనలేదు. వై.ఎం.సి.ఏ.లో యువకుల మధ్య ఉద్యోగము చేసిరి. 1902లో జాఫ్నాకు వెళ్లినప్పుడు అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో సువార్త పని సాగించుట చూచి, మా తిరునెల్వేలిలో ఇది లేదే యని సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరమే తిరునెల్వేలి క్రైస్తవుల మిషనరీ సంఘము పుట్టెను. ఆ పని దోర్నకల్లుకు వ్యాపించెను. ఇతరులను పంపుచు తాము కూర్చుండుట ఆయనకు సరిపడలేదు గనుక 1909లో కుటుంబముతో తామే వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున బిషపు అయిన మొదటి భారతీయులు ఆయనే. 1945 జనవరి 1న ఆ దోర్నకల్లులోనే కన్నుమూసిరి. జాఫ్నాలో కన్నులతో చూచిన సంగతి ఆయనను దోర్నకల్లుకు నడిపించుటకు ఏడేండ్లు పట్టెను. చేతిలోని పనిని విడువక చేయుచుండగానే త్రోవ తెరువబడెను.

గెలిచిన బిడ్డకు చుట్టునున్న కొరతను చూపించుడి. వారిలో కొందరు తప్పక ప్రసంగపీఠమునకు వత్తురు. కొందరు రారు. రానివారిని దేవుడు విడిచెనని అనకుడి. అప్పు తీర్చుటకు, చెల్లెలి చదువుకు ఉద్యోగము వెదకు కుమారుడు లోకస్థుడని కొందరు బోధకులనుట విన్నాను. తాకట్టు పెట్టిన అరయెకరము విడిపించుట గూడ అతని మీద దేవుడు పెట్టిన పనియే. అయితే కాలేజీలో నున్న తమ్ముడా, చెల్లీ, ఉద్యోగము వచ్చిన తరువాత పిలుపు మొదలగునని నీవును అనుకొనవద్దు. పరీక్ష హాలులో చీటీలు అందుచుండగా చేయి చాపకుండుట నేటి పని. హాస్టలులో కులము పేరు పెట్టి ఏడిపింపబడు పిల్లవాని ప్రక్కన కూర్చుండి భోజనము చేయుట నేటి పని. దీనికి ఏ స్వరము కొరకు కనిపెట్టెదవు?

గత క్రిస్మస్ సెలవులకు వచ్చిన మా సంఘపు అమ్మాయి ఒకతె, ఇంజనీరింగు మూడవ సంవత్సరము, నన్ను పిలుపును గూర్చి అడుగలేదు. "అయ్యగారూ, పదవ తరగతి పిల్లలకు లెక్కలు రావడం లేదు. సాయంత్రములు గుడి తాళము ఇస్తారా?" అని అడిగినది. నేను కమిటీ ముందు పెట్టితిని. కరెంటు బిల్లు ఎవరు కట్టుదురని ఒకరు, హిందువుల పిల్లలు గూడ వత్తురు గదా యని మరియొకరు, ఆడపిల్లకు తాళమా యని ఇంకొకరు. సెలవులు అయిపోయినవి. అమ్మాయి హాస్టలుకు వెళ్లినది. తాళము ఇంకను కోశాధికారి యింట మేకుకు వ్రేలాడుచున్నది.

వేసవి సెలవులకు ఆమె మరల వచ్చును. ఆలోపల కమిటీ ఒకసారి కూడును. కరెంటు బిల్లు నేను కట్టెదనని ఈ మారు ముందుగానే చెప్పివేసితిని. మిగిలిన రెండు అభ్యంతరములకు పెద్దలు ఏమి జవాబు చెప్పుదురో చూడవలెను. మీ సంఘములో తాళము ఎవరి యింటనున్నది?