3.0 గీత దగ్గర రెండో దరఖాస్తు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో సైన్స్ పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేవారికి 4.0 స్కేలు మీద 3.0 జీపీఏ గడప లాంటిది. అంటే సగటున ‘బి’ గ్రేడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సహా చాలాచోట్ల కనీస అర్హత ఇదే. అయితే ఈ నియమం పెట్టేది గ్రాడ్యుయేట్ స్కూలు. ఫైలు చదివి ఎంపిక చేసేది డిపార్ట్‌మెంటులోని అధ్యాపకుల కమిటీ. ఈ 3.0 గీతకు కాస్త కిందున్న విద్యార్థిని తీసుకోవాలంటే సాధారణంగా ఆ కమిటీయే మినహాయింపు కోరుతూ పైకి రాయాలి. 2.9 ఉన్నవారికి కావలసింది తమ కోసం ఆ శ్రమ తీసుకునే ఒక్క అధ్యాపకుడు. మొదటి దరఖాస్తు తిరిగొచ్చిందంటే చాలాసార్లు ఆ మనిషి దొరకలేదనే అర్థం. అదే ఫైలు మరుసటి ఏడాది మళ్లీ పంపితే ఆ మనిషి కొత్తగా పుట్టుకురాడు.

సగటు పెంచుకోవాలన్న ఆలోచన సహజం. కానీ లెక్క కఠినంగా ఉంటుంది. 120 క్రెడిట్లకు 2.9 అంటే 348 గ్రేడ్ పాయింట్లు. మరో 12 క్రెడిట్లు, అంటే మామూలుగా నాలుగు కోర్సులు, చదివి అన్నిట్లో ‘ఎ’ తెచ్చుకుంటే 396 అవుతాయి. 132తో భాగిస్తే సరిగ్గా 3.0. అదే 2.7తో మొదలైతే 36 క్రెడిట్లలో ఒక్క ‘బి’ కూడా రాకూడదు. ఇది ఏడాదికి మించిన చదువు. పైగా డిగ్రీ అయ్యాక చదివిన కోర్సులను పాత జీపీఏలో కలపని విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి. అందువల్ల సులువైన కోర్సులు పోగేయడం కంటే, ఫిజికల్ కెమిస్ట్రీలో ‘సి’ వచ్చినవారు అంతకంటే పై స్థాయి థర్మోడైనమిక్స్ చదివి ‘ఎ’ చూపడమే మేలు. చివరి 60 క్రెడిట్ల సగటును విడిగా చూసే డిపార్ట్‌మెంట్లలో ఆ ‘ఎ’కి విలువ ఎక్కువ.

ఒకప్పుడు తక్కువ జీపీఏను మంచి జీఆర్‌ఈ స్కోరుతో సర్దుకునేవారు. 2018 తర్వాత జీవశాస్త్ర విభాగాలు వరుసగా ఆ పరీక్షను వదిలేయడంతో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

మిగిలింది పరిశోధన, దాన్ని దగ్గరగా చూసినవారి సిఫారసు లేఖ. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం బయోమెడికల్ పీహెచ్‌డీ విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2017లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. విద్యార్థులు తర్వాత ప్రచురించిన పరిశోధనా వ్యాసాలతో మార్కులకు గానీ జీఆర్‌ఈకి గానీ పొంతన కనబడలేదు. సిఫారసు చేసినవారి అంచనాలకు మాత్రం కనబడింది. దీన్ని చూసి మార్కులు అక్కర్లేదనుకోవడం పొరపాటు. లెక్కలోకి వచ్చినవారంతా అప్పటికే సీటు దొరికినవారు. పైగా 2019లో భౌతికశాస్త్రంలో వచ్చిన మరో అధ్యయనం, పీహెచ్‌డీ పూర్తి చేయడానికీ డిగ్రీ జీపీఏకీ సంబంధం ఉందని చూపింది. ఒక్కటి మాత్రం నిజం: మంచి విద్యార్థి, క్రమశిక్షణ ఉన్నవాడు అని రాసిన లేఖ కమిటీకి ఎందుకూ కొరగాదు. ప్రయోగం మూడుసార్లు విఫలమైతే నాలుగోసారి ఏం మార్చాడో రాసిన లేఖే గీత దాటిస్తుంది.

తెలుగు విద్యార్థులకు మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది మూడేళ్ల బీఎస్సీ. దాన్ని అమెరికా నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడనిచోట్ల ఎమ్మెస్సీ తప్పనిసరి. రెండోది పదికి 6.8 లాంటి సీజీపీఏను 0.4తో గుణించి 2.7 అనుకుని బెంగపడటం. చాలా దరఖాస్తుల్లో మార్కులను మార్చకుండా, సొంత విశ్వవిద్యాలయం ఇచ్చిన స్కేలులోనే రాయమంటారు. ఇక పరిశోధన అనుభవం కోసం హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ వంటి పరిశోధనా సంస్థల్లోనో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ప్రాజెక్టు పోస్టులో చేరినవాణ్ని చుట్టాలు ‘ఇంకా ఖాళీగానే ఉన్నాడు’ అంటారు. ఆ మాటకు జడిసి దొరికిన ఉద్యోగంలో చేరిపోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది. రెండో దరఖాస్తును మార్చగలిగేది ల్యాబులో గడిపే ఆ ఏడాదే.

దరఖాస్తుతో పంపే ఉద్దేశ వివరణ (ఎస్‌ఓపీ)లో తక్కువ మార్కుల ప్రస్తావన రెండు వాక్యాలు దాటకూడదు: కారణం ఒకటి, ఆ తర్వాత వచ్చిన మార్పు ఒకటి. కన్సల్టెన్సీలో అచ్చు పోసినట్టు రాయించిన పేజీలు పీహెచ్‌డీ కమిటీ ముందు నిలవవు. పాత డిపార్ట్‌మెంటుకే మళ్లీ పంపడంలో తప్పు లేదు. గతంలో దరఖాస్తు చేశారా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి, అప్పటి నుంచి కొత్తగా చేసిన పనిని మొదట్లోనే రాయాలి.

ఎక్కువ సైన్స్ విభాగాలకు గడువు డిసెంబరులో ముగుస్తుంది. ఆఖరి తిరస్కారం ఏప్రిల్‌లో అందినవారికి మిగిలేది ఎనిమిది నెలలు. జూన్‌లో ల్యాబులో చేరి అక్టోబరులో లేఖ అడిగితే, ఎంత మంచి శాస్త్రవేత్త అయినా రాయగలిగింది నాలుగు నెలల పరిచయమే. అలాంటివారు ఆ డిసెంబరును వదిలేసి మరుసటి ఏడాది పంపడం మంచిది.