పద్యానికి ఒకే జవాబా?

"చిన్నపిల్లలకు పద్యం, దాని భావం చెబితే చాలు, దృక్కోణాలూ గట్రా పైచదువుల్లో చూసుకోవచ్చు" అనే మాట మన తెలుగు బోధనలో పాతుకుపోయింది. ఇది తప్పు. సులువైన పద్యమే ఆ పాఠం మొదలుపెట్టాల్సిన చోటు. కఠిన పదాలతో కుస్తీ తప్పినప్పుడే, మాట్లాడుతున్నది ఎవరో గమనించే తీరిక పిల్లలకు దొరుకుతుంది.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' తీసుకోండి. ఘంటసాల గొంతుతో ఇంటింటికీ చేరిన పద్యాలవి. పూజకు పూలు కోయబోయిన మనిషి, వాటి మొర విని వట్టి చేతులతో తిరిగొస్తాడు. తరగతిలో మాత్రం ఇదంతా "పూలు కోయరాదు, జాలి చూపాలి" అనే నీతిగా కుదించుకుపోతుంది. గైడులో ఉన్నది దించితే మార్కులు పడతాయి. కరుణశ్రీ పనితనం మరుగున పడిపోతుంది. కథ చెప్పేది కోయబోయినవాడు, నేరం మోపేది పూలు. అతను భక్తి అనుకున్నదే వాటికి హత్య. ఈ రెండు చూపులనూ ఒకే తోటలో ఎదురెదురుగా నిలబెట్టాడు కవి.

అదే తరగతిలో బతుకమ్మ ఆడే ఇంటి పిల్ల ఉంటుంది. తంగేడు, గునుగు, బంతి కోసుకొచ్చి పేరిస్తేనే వాళ్లకు అమ్మవారు. కడియపులంక మార్కెట్‌కు పూలు తెచ్చే రైతు బిడ్డకు, కోసిన పువ్వే ఇంటి తిండి. వీళ్లు లేచి మాట్లాడితే పద్యం విలువ తగ్గదు. ఆ పూల ప్రశ్నకు తమ బతుకులోంచి జవాబు వెతుక్కోవలసి వచ్చినప్పుడే అది వాళ్ల పద్యమవుతుంది.

"ఎవరికి తోచింది వాళ్లు చెబితే ఇక పాఠమెందుకు?" అంటారు. తోచిందల్లా ఒప్పుకోమని ఎవరూ అనడం లేదు. ఏ పాదం చూసి అలా అంటున్నావని అడగండి. చూపించగలిగితే అది చదువు. లేకపోతే మళ్లీ చదవమనండి. పూల ఆరోపణ ఏదో, మనిషి పశ్చాత్తాపం ఏదో విడదీసి చెప్పగలిగిన పిల్లకు పద్యం వచ్చినట్టే. భావం బట్టీ పట్టినంత మాత్రాన అది రాదు.

తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. భావం రాయించే ముందు రెండు ప్రశ్నలు వేయండి: ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? మాట్లాడే వంతు రానిది ఎవరికి? ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఈ ప్రశ్నలకూ మార్కులు కేటాయించాలి. మార్కులు లేని ప్రశ్న మన బడుల్లో బతకదు.