కాలేజీలో సీటు వచ్చాక మొదలయ్యే కష్టం

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఓపీ దగ్గర జ్వరం, దగ్గు లేని వాళ్లు కూడా కొందరు కూర్చుని ఉంటారు. చేతిలో మార్కుల కాగితం, సదరం సర్టిఫికెట్, పక్కన అమ్మో నాన్నో ఉంటారు. "సిస్టరమ్మా, ఈ గుంట కాలేజీకి ఎళ్లగలదంటారా? పింఛను వస్తోంది కదా, చదివి ఏటి చేస్తాది?" అని అడుగుతారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేం. జలంత్రకోట జంక్షన్ దగ్గర బస్సు ఎక్కడం, పలాసలోనో టెక్కలిలోనో దిగడం, కాలేజీలో రెండో అంతస్తు ఎక్కడం, సాయంత్రం మళ్లీ అదే దారిన రావడం, ఇవన్నీ వాళ్ల కళ్ల ముందు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో ఈ పింఛను నెలకు 3000 నుంచి 6000 రూపాయలకు పెరిగింది. అది మంచిదే. అయితే పింఛను కడుపు నింపుతుంది గాని చదువుకు బదులు కాదు. పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు ఇంకా నలభై యాభై ఏళ్ల జీవితం ఉంది.

ఒకప్పుడు ఇలాంటి పిల్లలంటే పోలియో వచ్చిన వాళ్లే ఎక్కువగా గుర్తుకు వచ్చేవారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో దేశం పోలియో నుంచి విముక్తి పొందినట్టు ధ్రువీకరణ వచ్చింది. కాబట్టి ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్న వారిలో పుట్టుకలో మెదడుకు దెబ్బ తగిలిన వాళ్లు, చూపు మందగించిన వాళ్లు, వినపడని వాళ్లు, కండరాల క్షీణత ఉన్న వాళ్లు, రోడ్డు ప్రమాదాల్లో కాలో చెయ్యో పోయిన వాళ్లు కనిపిస్తారు. ఒక్కొక్కరి అవసరం ఒక్కో రకం. అందరికీ ఒకే మందు పనికిరాదు.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అది 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న వారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలని అందులో ఉంది. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని పేర్లు కూడా మారుతూ వచ్చాయి. పేరు మారితే మంచిదే గాని, దానివల్ల కాలేజీ మెట్లు ఒక్కటీ తగ్గవు.

కృష్ణా జిల్లా సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేని బొల్లా శ్రీకాంత్ కథ చాలామందికి తెలుసు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వమన్నారు. కోర్టుకు వెళ్లి ఆ సీటు సాధించుకున్నాడు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టడం తేలిక. కానీ సైన్సు చదవడానికి ఒక పిల్లవాడు కోర్టు మెట్లు ఎక్కాల్సి రావడం మెచ్చుకోవలసిన సంగతి కాదు. కంచిలి, కవిటి మండలాల్లోని ప్రతి పిల్లా కోర్టుకు వెళ్లగలదా? వెళ్లలేని వాళ్లు కూడా చదవాలన్నదే మా మాట.

సీటు వచ్చిన మొదటి నెల అందరూ సాయం చేస్తారు. రెండో నెల నుంచి అసలు కష్టం మొదలవుతుంది. నర్సులుగా మేము ముందుగా అడిగేది మరుగుదొడ్డి గురించి. చక్రాల కుర్చీ పట్టని, పట్టుకోవడానికి కమ్మీ లేని మరుగుదొడ్డి ఉన్న కాలేజీలో ఆడపిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడుపుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్లు అలాగే మొదలవుతాయి. కిడ్నీ జబ్బుకు భయపడి బతుకుతున్న మన ఉద్దానంలో, పిల్లలు నీళ్లు మానుకునేలా ఉండే కాలేజీని మనం సహించకూడదు. అలాగే చక్రాల కుర్చీలో గంటల తరబడి కదలకుండా కూర్చునే పిల్లలకు పిరుదుల మీద పుండ్లు పడతాయి. మంచి పరుపు వేయాలి. అరగంటకు ఒకసారైనా బరువు అటూ ఇటూ మార్చుకోవాలి. ఇది లెక్చరర్లకు తెలిస్తే, క్లాసులో కదులుతున్నాడని పిల్లవాడిని కసరరు.

"ఒక్క పిల్ల కోసం ఇంత ఖర్చా?" అని కొందరు అడుగుతారు. అన్నిటికీ ఖర్చు లేదు. ఆ సెక్షన్ క్లాసును కింది అంతస్తుకు మార్చడానికి పైసా ఖర్చవదు. వినపడని పిల్లను ముందు వరసలో కూర్చోబెట్టి, బోర్డు వైపు కాక ఆమె వైపు తిరిగి మాట్లాడడానికీ ఖర్చు లేదు. చూపు లేని విద్యార్థికి కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. తెలుగు కూడా చదువుతుంది. ర్యాంపుకు సిమెంటు కావాలి, నిజమే. ఒకసారి కట్టాక దాన్ని గర్భిణి లెక్చరరు, మోకాళ్ల నొప్పుల అటెండరు, కాలు విరిగిన విద్యార్థి అందరూ వాడుకుంటారు.

వైద్యులం, నర్సులం మనం చేయవలసిన పని ఒకటుంది. సర్టిఫికెట్‌లో "50 శాతం" అని రాసి ఉంటే సీటుకు, స్కాలర్‌షిప్‌కు పనికొస్తుంది. ఆ పిల్లకు రేపు క్లాసులో ఏం కావాలో ఆ అంకె చెప్పదు. అందుకే డాక్టరు గారి చేత ఇంకొక పేజీ రాయించి పంపాలని మా అభిప్రాయం. "కుడి చెయ్యి త్వరగా అలసిపోతుంది, పరీక్షలో అదనపు సమయం కావాలి", "చిన్న అక్షరాలు కనపడవు, ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి", "మూర్ఛ మందులు వాడుతోంది, ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు" అని సాదా మాటల్లో ఉంటే ప్రిన్సిపాలుకు ఏం చేయాలో తెలుస్తుంది.

పరీక్షల విషయం మరీ ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రాయడం కష్టమైన వారికి రాసిపెట్టే సహాయకుడిని ఇవ్వాలి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. సొంతంగా సహాయకుడిని తెచ్చుకుంటే అతని చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది. 40 శాతం వైకల్యం లేకపోయినా నిజంగా రాయలేని వారికి సహాయకుడిని నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష ముందురోజు పరుగెత్తకుండా, ఫీజు కట్టే రోజునే కాలేజీలో అర్జీ ఇవ్వండి.

ఉద్దానంలో ఇంకో కష్టం ఉంది. కాలు కదపలేని కొడుకును రోజూ మోటారు సైకిలు మీద కాలేజీకి దింపే తండ్రికి కిడ్నీ జబ్బు వస్తే, ఇంట్లో ఒకేసారి ఇద్దరి బతుకు ఆగిపోతుంది. డయాలసిస్ అంటే ఒక్కోసారి నాలుగు గంటలు, సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు. విద్యార్థికే డయాలసిస్ అవసరమైతే హాజరు తగ్గి పరీక్షకు కూర్చోనివ్వరేమోనన్న భయం. చట్టంలోని 21 రకాల్లో కిడ్నీ జబ్బు లేదు. ఆ కారణం చెప్పి కాలేజీలు చేతులు దులుపుకోకూడదు. డయాలసిస్ రోజుల చీటీలు చూసి హాజరు సడలించాలి, నోట్సు అందేలా చూడాలి.

మా వృత్తి సంగతి కూడా చెప్పాలి. నర్సింగ్ కోర్సుల్లో వికలాంగుల కోటాను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కాళ్ల వైకల్యం 40 నుంచి 50 శాతం ఉన్న వారికే పరిమితం చేసింది. రోగి భద్రత దగ్గర రాజీ పడమని మేము అనడం లేదు. రాత్రి డ్యూటీలో రోగిని లేపి కూర్చోబెట్టడం ఎంత బరువైన పనో మాకు తెలుసు. అయినా 2024 అక్టోబరులో ఎంబీబీఎస్ సీటు కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. శాతాన్ని మాత్రమే చూసి తిరస్కరించకూడదు, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది బోర్డు పరీక్షించి చెప్పాలి అని. నర్సింగులోనూ ఇదే పద్ధతి రావాలని కోరుతున్నాం.

సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ చేసిన కంటి సేవకు అండగా 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. చూపు తెప్పించగలిగిన వారికి చూపు తెప్పించిన నేల ఇది. చూపు తెప్పించలేని వారికి చదువైనా అందించడం ఆ సేవకు కొనసాగింపే. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గల వాడిని మోసుకొచ్చిన నలుగురు, గుమ్మం దగ్గర జనం అడ్డంగా ఉన్నారని వెనక్కి పోలేదు. ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దించారు. ఆ నలుగురి పేర్లు కూడా మనకు తెలియవు.

మన సంఘాలకు మా మనవి ఇదే. ఇంటర్ చదివే యౌవనస్థులు డిగ్రీ విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడానికి పేర్లు ఇవ్వండి. పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వండి. బండి ఉన్నవారు వారానికి ఒక్క రోజైనా ఒక పిల్లను కాలేజీకి దింపండి. పాస్టరు గార్లు తమ ఊళ్లో ఇంటర్‌తో చదువు ఆపేసిన ఇలాంటి పిల్లలు ఎందరున్నారో కనుక్కోండి. టెక్నికల్ డిగ్రీ, డిప్లొమా చదివే వారికి ఏఐసీటీఈ సక్షమ్ స్కాలర్‌షిప్, మిగిలిన వారికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. గడువు దాటకముందే దరఖాస్తు పెట్టించండి. తల్లిదండ్రులారా, "ఎళ్లగలదా?" అని అడిగేటప్పుడు పిల్లను కూడా అడగండి. ఏం కావాలో ఆమెకే బాగా తెలుసు.