ఇంట్లోనైనా వేషం దించనిద్దాం

మంచి మనిషి అనిపించుకోవడానికి మన ఇళ్లలో కొన్ని కొలతలు ఉన్నాయి. ఎదురుపడిన వారికి సలాం చెప్పాలి. చుట్టాలు వస్తే వచ్చి కూర్చోవాలి. దావత్‌లో నలుగురితో కలిసి తినాలి. పండుగ నమాజు కాగానే అందరినీ ఆలింగనం చేసుకోవాలి. ఇవన్నీ మంచి అలవాట్లే, సందేహం లేదు. అయితే కొందరికి ఇవి మనం అనుకున్నంత తేలిక కావని, ఇవన్నీ చేసి ఇంటికి చేరేసరికి వారి ఒంట్లో శక్తి అంతా హరించుకుపోతుందని మనలో ఎందరికి తెలుసు? ఆటిజం ఉన్న పెద్దవారిలో చాలామంది పరిస్థితి ఇదే.

పెద్దవారికి ఆటిజం ఏమిటని కొందరు ఆశ్చర్యపోవచ్చు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితి గురించి రాశాడు. ఆటిజం అంటే పిల్లల విషయమేననే అభిప్రాయం అలా స్థిరపడిపోయింది. కాని పిల్లలు పెరుగుతారు కదా! ఆటిజం పుట్టుకతో వచ్చే మెదడు తీరు. వయసుతో పోయేది కాదు. గాలి సోకడం వల్లనో, దిష్టి తగలడం వల్లనో, తల్లి పెంపకం వల్లనో రాదు. తావీజు కడితే పోదు. ఈ తీరు ఉన్నవారికి చప్పుడు, వెలుగు, వాసన, స్పర్శ ఇతరులకంటే బాగా ఎక్కువగానో, బాగా తక్కువగానో తెలుస్తాయి. అనుకున్న క్రమం తప్పితే కలవరపడతారు. నేరుగా చెప్పిన మాట అర్థమవుతుంది, చెప్పకుండా సూచించిన మాట తరచు అర్థం కాదు. ఇష్టమైన విషయంలో మాత్రం ఎంత లోతుకైనా పోతారు.

ఇలాంటివారు లోకంలో నెగ్గుకురావడానికి చిన్ననాటి నుంచే ఒక పైవేషం నేర్చుకుంటారు. నవ్వు రాకపోయినా నలుగురితో పాటు నవ్వుతారు. కష్టమైనా ఎదుటివారి కళ్లలోకి చూస్తారు. చేతులు ఊపాలనిపిస్తే జేబులో పెట్టి బిగించుకుంటారు. మాట్లాడవలసిన నాలుగు మాటలు ముందే వల్లె వేసుకుంటారు. దీనిని ఇంగ్లీషులో మాస్కింగ్ అంటున్నారు. ఇది మోసం కాదు. వెక్కిరింతల నుంచి, పని పోతుందనే భయం నుంచి పుట్టిన ఆత్మరక్షణ.

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్నే తీసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా అయినా, మన నోట ఇంకా కృష్ణా జిల్లా మెట్ట అనే వస్తుంది. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద లారీల హారన్లు రాత్రీ పగలూ ఆగవు. సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాల రొద. మిర్చి కళ్లాల కాలంలో గాలిలోనే ఘాటు. మే నెలలో నందిగామ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. దీనికి తోడు మనలో చాలామందికి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. భాష మారితే మర్యాద మారుతుంది, మాట విరుపు మారుతుంది. ఆటిజం ఉన్న మెకానిక్ గాని, టైలర్ గాని, షాపు గుమాస్తా గాని వీటన్నిటి మధ్య పొద్దస్తమానం వేషం నిలబెట్టుకుని ఇల్లు చేరతాడు. చేరగానే తలుపు వేసుకుంటాడు. పలకరిస్తే విసుక్కుంటాడు. అప్పుడు ఇంట్లోవారు ఏమంటారు? "బయట అందరితో బాగానే ఉంటాడు, ఇంటికొస్తేనే ఈ పొగరు!"

అది పొగరు కాదు, అలసట. బయట బాగా ఉండడానికి చెల్లించిన మూల్యమే ఇంట్లో కనిపిస్తోంది.

బ్రిటన్‌లో 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆటిజం ఉన్న 92 మంది పెద్దవారిని ఈ పైవేషం గురించి అడిగారు. నలుగురిలో కలవడం కోసం, సంబంధాలు నిలుపుకోవడం కోసం వేస్తామని, వేసినందుకు తీవ్రంగా అలసిపోతామని, తామెవరో తమకే తెలియకుండా పోతోందని వారు చెప్పారు. 2020లో అమెరికా పరిశోధకులు మరో సంగతి వివరించారు. ఈ భారం ఏళ్ల తరబడి మోస్తే మనిషి ఒక్కసారిగా కుంగిపోవచ్చు. నెలల తరబడి అలసట తీరదు. వచ్చిన పనులు చేతకాకుండా పోతాయి. అంతకు ముందు ఓర్చుకున్న చప్పుళ్లు కూడా భరించలేరు. కనుక ఇంట్లో వేషం దించుకోవడం విలాసం కాదు, అవసరం.

మన ఆడపిల్లల విషయం మరింత శ్రద్ధగా చూడాలి. మాట్లాడని పిల్లను "ఎంత నెమ్మదస్తురాలో" అని మెచ్చుకుంటాం. కళ్లెత్తి చూడకపోతే సిగ్గు అంటాం. ఆ మెప్పు వెనుక ఆమె ఇబ్బంది ఎవరికీ కనబడదు. పుట్టింటిలో ఏదో ఒక మూల ఆమెది. అత్తవారింట ఆ మూల కూడా ఉండదు. తెల్లవారుజామున లేచింది మొదలు పడుకునే దాకా కొత్త మనుషులు, కొత్త వాసనలు, కొత్త మాటలు. వేషం దించడానికి చోటే లేని కోడలు ఏమైపోవాలి? రోజుకు ఒక గంట, ఎవరూ పిలవని ఒక గది ఇస్తే అత్తమామలకు పోయేదేమీ లేదు. ఆమెకు దక్కేది మాత్రం చాలా ఉంది.

"పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు" అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. నికాహ్ బాధ్యత, చికిత్స కాదు. ఆటిజం ఉన్నవారు పెళ్లి చేసుకోరాదని కాదు. చక్కగా సంసారం చేస్తున్నవారు ఉన్నారు. కాని విషయం దాచి సంబంధం కలిపితే ఇద్దరి బతుకులూ నలిగిపోతాయి. చెప్పి కలిపితే ఇద్దరూ ఒకరి తీరు ఒకరు తెలుసుకుని ఇంటిని అమర్చుకుంటారు.

ఇంటి అమరికకు డబ్బు అక్కరలేదు. పని నుంచి వచ్చాక అరగంట సేపు ఏమీ అడగకండి. మంచినీళ్లు అక్కడ పెట్టి ఊరుకోండి. టీవీ తగ్గించండి. మిక్సీ వేసే ముందు ఒక మాట చెప్పండి. చొక్కా మెడ వెనుక గుచ్చుకునే పట్టీ కత్తిరించండి. రోజూ అదే అన్నం, అదే పప్పు కావాలంటే పెట్టండి. కూర్చుని ఊగినా, చేతులు ఆడించినా, ఒకే విషయం గంటసేపు చెప్పినా ఆపకండి. అది వారికి ఊరట. చుట్టాలు వస్తుంటే ముందురోజే చెప్పండి.

తమను తాము చూసుకోవడం కూడా వారికి నేర్చుకోవలసిన పనే కావచ్చు. కొందరికి ఆకలి, దాహం వేళకు తెలియవు. స్నానం, పళ్లు తోముకోవడం కూడా భారమవుతాయి. మన రోజుకు ఐదు పూటల అజాన్ అనే గడియారం ఉంది. ఫజ్ర్ తర్వాత స్నానం, జుహ్ర్ తర్వాత భోజనం, అస్ర్ తర్వాత కాసేపు ఏకాంతం, మగ్రిబ్ తర్వాత నీళ్లు, పలహారం, ఇషా తర్వాత పడక అని ముడివేసుకుంటే గుర్తుంటుంది. రంజాన్‌లో నిద్ర, భోజనం వేళలు ఒక్కసారిగా మారతాయి కనుక వారం ముందు నుంచే కొద్దికొద్దిగా మార్చుకుంటూ రావాలి. పండుగనాడు ఆలింగనం కష్టమైతే చేయి కలిపితే చాలునని, దూరం నుంచి సలాం చెప్పినా మర్యాదేనని ఇంటి పెద్దలు బంధువులకు ముందే చెప్పాలి. శరీరానికి మనపై హక్కు ఉందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ హక్కు వీరి శరీరానికీ ఉంది.

వేషం దించడమంటే కోపం వస్తే ఇతరులను కొట్టవచ్చని కాదు. ఎవరినీ బాధించకుండా తన తీరుగా ఉండడమని అర్థం. బయట ఎంతవరకు దించాలన్నది వారి ఇష్టం. మాటలు రాక, అన్నిటికీ ఆసరా కావలసినవారు దించడానికి వేషమే లేనివారు. వారికీ ఇంట్లో ఇదే నెమ్మది కావాలి.

చట్టం కూడా అండగా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేర్కొంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అదీ ఒకటి. అయితే ఒక జాగ్రత్త. సదరం శిబిరంలో డాక్టరు ముందు కూడా అలవాటు కొద్దీ వేషం వేస్తే, ఆ కొద్ది నిమిషాలలో ఇబ్బంది కనబడకపోవచ్చు. ఇంట్లో ఎలా ఉంటారో కాగితం మీద రాసి తీసుకువెళ్లాలి. బతకాలని లేదనే మాట వినబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయక మానసిక వైద్యుని కలవాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కానర్ రాసిన 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ ఆయన ఊరు. మన జగ్గయ్యపేటకంటే చాలా చిన్నది. ఆయన అక్కడి బ్యాంకులో పని చేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఎన్నో దేశాలు చూశాడు. 2023లో 89వ ఏట కన్నుమూశాడు. ఆయన కుటుంబం కలిగినది, ఆ బ్యాంకులో వాటా ఉన్నది, నిజమే. కాని డబ్బుతో కొనలేనిది మరొకటి ఆయనకు దొరికింది. ఆయన వింత అలవాట్లను ఊరివారు మామూలుగా తీసుకున్నారు. ఒక ఊరు ఊరంతా చేయగలిగిన పనిని మన ఒక్క ఇల్లు చేయలేదా?

ఈ సాయంత్రం మన ఇంట్లో ఎవరైనా వచ్చీ రాగానే తలుపు వేసుకుంటే, తట్టవద్దు. వారు తమంతట తామే బయటికి వస్తారు. వచ్చినప్పుడు భోజనం వడ్డించండి, సంజాయిషీ అడగకండి.