సుగ్గికి పోయే తల్లి కట్టే ఫీజు



పొద్దున తుగ్గలి రోడ్డు మీద ప్రైవేటు స్కూళ్ల పసుపు బస్సులు ఆగితే, పొలమూ బోరూ ఉన్న ఇంటి పిల్లలు టై కట్టుకొని ఎక్కుతారు. కాలనీ పిల్లలు సర్కారు బడికి నడిచిపోతారు. మన వైపు కులము, భూమి జంటగా నడుస్తాయి గనుక ఏ పిల్లలు ఎవరి ఇంటివాళ్లో వేరుగా అడగనక్కరలేదు. అది చూసి కొందరు, మన సంఘపు పెద్దలు కూడా, "వీళ్లు పిల్లల చదువుకు రూపాయి పెట్టరు" అంటారు. ఆ మాట మేము ఒప్పుకోము.

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెదకడానికి ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. ఆ చేలల్లో కూలి చేసే మనవాళ్లేమో పత్తికి, మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట పదేండ్ల పిల్ల కోసిన కాయలు కూడా తల్లి మూటలో పడతాయి. ఆ పిల్లను బడి కోసం అవ్వ దగ్గర వదిలిపోయే తల్లి, ఆ నెలల కూలి అంతా వదులుకుంటుంది. పైగా అవ్వకు బియ్యము, బ్యాళ్లు కొనిపెట్టి పోవాలి. ఆమె కట్టే ఫీజు ఇదే, రసీదు ఉండదు.

మార్కు 12వ అధ్యాయంలో ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చొని చూచాడు. ధనవంతులు చాలా వేశారు, బీద విధవరాలు రెండు కాసులు వేసింది. వేసిన తర్వాత ఎవరికి ఎంత మిగిలిందో ఆయన చూచాడు. బస్సు ఫీజు కట్టిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలుగుతుంది.

2020లో మొదలైన అమ్మ ఒడి ఇంటికి ఒక్క బిడ్డకే. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకూ 13,000 రూపాయలు ఇచ్చారు, సంతోషమే. అయితే 75 శాతం హాజరు ఉండాలి. సుగ్గికి తీసుకుపోయిన పిల్లకు ఆ హాజరు ఎక్కడిది? ఎక్కువ అవసరమున్న ఇల్లే జాబితా నుండి జారిపోతుంది. సీజనల్ హాస్టళ్లు మంచివే గాని, లారీలు పోయాక తెరిస్తే లాభం లేదు.

అందుచేత ఈ ఏడు పంట కానుకలో కొంత, మనుమలను పెట్టుకొని ఉండే అవ్వల బియ్యానికి పోవాలని మా అభిప్రాయము. బస్సు ఎక్కించే ఇండ్లు మన సంఘంలోనూ ఉన్నాయి. వాళ్లు ఒక్కొక్క పిల్లకు రాత్రి అన్నము, చదువుకోను దీపము ఇవ్వగలరు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పేర్లు రాసుకుంటాము. ఆడపిల్లలవి మొదట రాస్తాము, ఎందుకంటే సుగ్గికి ముందు లారీ ఎక్కేది వాళ్లే.